సున్నా బిల్లు ఎవరి దయ?

"మీకేమప్పా, మీకు కరెంటు ఫ్రీ!"

తాడిపత్రిలో మన కులం తెలిసినవాళ్ల నోట ఈ మాట మనలో చాలామందిమి వినే ఉంటాం. టీ అంగడి దగ్గర వింటాం, బస్టాండులో వింటాం, ఒక్కోసారి స్టాఫ్ రూములో కూడా వింటాం. అనేవాడు చాలాసార్లు చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అంటాడు, అని మరిచిపోతాడు. విన్న మన పిల్లవాడు మాత్రం మరిచిపోడు. తల దించుకుంటాడు, లేదంటే కోపం తెచ్చుకుంటాడు. తల దించుకోవడానికి అక్కడ కారణం లేదు. కోపం తెచ్చుకుంటే ఎదుటివాడికి అర్థమయ్యేదీ ఏమీ లేదు. అందుకే ఆ మాటను ఒకసారి విప్పి చూద్దామని ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. నేను అర్థశాస్త్రం చదివినవాణ్ణి కాను. డి.ఎడ్. చేసి, డీఎస్సీ రాసి, చిన్నపిల్లలకు కూడికలు తీసివేతలు చెప్పుకునే సుగాలీ పంతులును. ఈ విషయంలో కూడికలు తీసివేతలు కూడా బాగానే పనికొస్తాయి.

ముందు ఆ 'ఫ్రీ' ఏమిటో చూద్దాం. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 50 యూనిట్ల వరకు ఉచితం అన్న ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత అది 100 యూనిట్లయింది. 2019లో 200 యూనిట్లకు పెంచారు. జగ్జీవన్ జ్యోతి అనే పేరుతో మన తండాలకు తెలిసింది అదే. అంటే నెలకు 200 యూనిట్ల లోపు వాడుకునే ఎస్సీ, ఎస్టీ ఇంటి బిల్లును వాళ్ల తరఫున ప్రభుత్వం విద్యుత్ సంస్థకు కడుతుంది. మన జిల్లాలో ఆ సంస్థ తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్.

ఇప్పుడు లెక్క. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు నాలుగున్నర. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న తండా ఇల్లు నెలకు 60 యూనిట్లు కాలుస్తుందనుకుందాం. స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు లాంటివి కలపకుండా ఆ ఇంటి బిల్లు 147 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే మన పేద ఇంటికి నెలంతా కలిపి అందిన 'ఫ్రీ' అరరోజు కూలి. టీ అంగడి దగ్గర మనల్ని చూసి అసూయపడేది ఈ అరరోజు కూలి గురించి.

అదే 200 యూనిట్లు నిండుగా వాడుకునే ఇంటికి ఎంత? లెక్క వేయండి, 867 రూపాయలు. దాదాపు మూడు రోజుల కూలి. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉంటుంది, కూలర్ ఉంటుంది, బహుశా ఒక చిన్న ఉద్యోగం కూడా ఉంటుంది. ఎవరికి సామాను ఎక్కువ ఉందో వాళ్లకే సాయమూ ఎక్కువ అందుతుంది. పథకం చెడ్డదని నేను అనడం లేదు. కానీ ఈ సంగతి మనలో మనం కూడా మాట్లాడుకోం. ఎస్టీ అనగానే అందరం ఒకే గాటన ఉన్నట్టు బయటివాళ్లు అనుకుంటారు, మనమూ అలాగే ఉన్నట్టు నటిస్తాం. రేకుల ఇంట్లో ఒక్క బల్బు కింద బతికే అవ్వకు, నాలాంటి జీతగాడికి ఒకే మాట వర్తిస్తుందా?

దాని సంగతి తర్వాత. ముందు ఎదుటివాడి వైపు చూద్దాం. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా దాన్ని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఐదు హార్స్‌పవర్ మోటారు గంటకు నాలుగు యూనిట్లకు కాస్త తక్కువ తాగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు తిరిగితే 33 యూనిట్లు. మన ఇంటికి నెలంతటికీ ఇచ్చే 200 యూనిట్లను ఒక మోటారు ఆరేడు రోజుల్లో పూర్తి చేస్తుంది. రెండు మూడు బోర్లు ఉన్న రైతును చూసి "నీకేమప్పా" అని ఎవరూ అనరు. అనకూడదు కూడా. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే ఈ జిల్లాలో బోరు వేసి, ఎండిపోతే మళ్లీ వేసి, అప్పుల్లో ప్రాణం తీసుకున్న శనగ రైతులను మనం చూశాం. ఆయనకు ఉచిత కరెంటు ఇవ్వడం న్యాయమే. నా మాట ఒక్కటే: ఆయనకు ఇచ్చినదాన్ని రైతు హక్కు అని, మనకు ఇచ్చినదాన్ని ఫ్రీ అని ఎందుకు పిలుస్తున్నారు? బోరు లేని మెట్ట చేను ఉన్న సుగాలీకి, చేనే లేని ఎరుకల ఇంటికి ఆ పెద్ద ఉచితంలో వంతు లేదు.

ఆ హక్కు కూడా ఊరికే రాలేదు. 2000 సంవత్సరంలో కరెంటు ఛార్జీలు పెంచినప్పుడు రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు పోయాయి. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఆ సంతకం వెనుక ఆ నెత్తురు కూడా ఉంది. ఈ రోజు మీటరు వైపు చూసి 'సున్నా వచ్చిందిలే' అనుకునే పిల్లలకు ఈ తేదీ తెలియాలి. పుస్తకంలో లేకపోతే మనమే చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ సాయం మనకు ఏమవుతుంది? దయా, బాకీనా, హక్కా?

మన రచయితల సభల్లో 'బాకీ' అనే మాట బాగా చప్పట్లు కొట్టించుకుంటుంది. వాదన ఇలా సాగుతుంది. ఈ దేశంలో కరెంటు పుట్టిందే ఆదివాసీ నేల మీద. ఒడిశా సరిహద్దులో 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, ఆ తర్వాత సీలేరు కేంద్రాలు ఏజెన్సీ కొండల మధ్యే ఉన్నాయి. సింగరేణి బొగ్గు గోదావరి పక్క అడవి నేల కింద నుంచే వచ్చింది. 1981లో శ్రీశైలం కోసం వందకు దగ్గరగా గ్రామాలను ఖాళీ చేయించారు. తీగలు మాత్రం ఆ కొండల నెత్తి మీదుగా పట్నాలకు వెళ్లాయి, కింద ఉన్న గూడేల్లో చాలాకాలం బుడ్డి దీపాలే వెలిగాయి. కాబట్టి ఈ 200 యూనిట్లు దానం కాదు, పాత బాకీలో ఒక చిన్న కంతు.

ఈ వాదనలో నిజం ఉంది. అయినా తాడిపత్రిలో కూర్చుని నేను దాన్ని వాడుకోలేను. మాచ్‌ఖండ్ నీళ్లలో మునిగింది మా తాతల చేను కాదు. ఆ బాకీ ఆ కొండల్లో బతికిన గదబలది, పోర్జలది, కొండదొరలది, భగతలది. ఎస్టీ అనే ఒక్క ముద్ర ఇద్దరి సర్టిఫికెట్ల మీదా ఉంది కదా అని వాళ్లకు రావలసిన బాకీని మేం వసూలు చేసుకుంటామా? మన అన్నకు రావలసిన కూలి మనం తీసుకున్నట్టు ఉంటుంది. పైగా బాకీకి ఒక లక్షణం ఉంది. తీరిపోతే సంబంధం తెగిపోతుంది. "మీ బాకీ ఇచ్చేశాం, ఇక పొండి" అనే రోజు కూడా వస్తుంది. నాకు అది వద్దు.

మా తండాలో పండక్కి మేకను కోస్తే మాంసాన్ని పోగులు వేస్తారు. ఇంటికొక పోగు. కోసినవాడికి ఒక పోగు, తాడు పట్టుకున్నవాడికి ఒక పోగు, మంచం మీద ఉన్న ముసలామె ఇంటికీ ఒక పోగు. ముసలామె ఏం పని చేసిందని ఎవరూ అడగరు. ఆమె తండాలో ఉంది, అంతే. ఆ పోగు తీసుకుపోయి ఇచ్చే పిల్లవాడు ఆమె దండం పెట్టాలని నిలబడడు. తొందరగా ఇచ్చి ఇంటికి పరిగెత్తుతాడు, ఎందుకంటే వాడి ఇంట్లో కూర ఉడుకుతోంది. నేను సున్నా బిల్లును అర్థం చేసుకున్నది ఈ పోగు లాగే. దాన్ని దయ అనడానికి వీల్లేదు, దయలో ఇచ్చేవాడు పైన ఉంటాడు. బాకీ కూడా కాదు, బాకీలో ఇద్దరూ చివరికి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇది పాలు, అంటే వంతు. ఇంట్లో వెలుతురు లేనివాడు ఈ కాలంలో ఊళ్లో సగం మనిషిగానే ఉంటాడు. వాడి పిల్ల రాత్రి చదవలేదు, వాడి ఫోనుకు ఛార్జింగ్ ఉండదు, ఫోను లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే ఇప్పుడు బియ్యం దగ్గర నుంచి బ్యాంకు దాకా ఏ తలుపూ తెరుచుకోదు. ఊళ్లో మనిషిగా లెక్కలోకి రావడానికి ఎంత కావాలో అంత అందరికీ ఉండాలి. దానికి కులం సర్టిఫికెట్ అడగనక్కరలేని రోజు రావాలన్నది నా కోరిక.

ఎందుకంటే ఆ సర్టిఫికెట్ సంగతి అంత తేలికైనది కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మనలో కొన్ని జాతుల పేర్లు నేరస్థ జాతుల చట్టం కింద రిజిస్టర్లోకి ఎక్కాయి. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్లు పోలీసులకు హాజరు చెప్పుకోవలసి వచ్చింది, సెటిల్‌మెంట్లలో బతకవలసి వచ్చింది. ఆ చట్టం పోయింది 1952లో. మన ముసలివాళ్లకు ఏ రిజిస్టరైనా భయమే. ఇప్పుడు కరెంటు రాయితీ కోసం కులం వివరం మీటరు నంబరుకు జతపడాలి. రాసుకునే చేయి ఈసారి సాయం చేయడానికే రాస్తోంది, నిజమే. కానీ మీటరు రీడింగ్ తీసే కుర్రవాడికి, ఎదురింటివాడికి, ఇల్లు అద్దెకిచ్చేవాడికి మన కులం బిల్లు కాగితం నుంచే తెలిసిపోతుందని సంకోచించి దరఖాస్తు పెట్టని ఇళ్లు నాకు తెలుసు. పట్నంలో కాలనీలో ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఇది ఎక్కువ.

ఇది మన ఒక్కరి జబ్బే కాదు. బ్రిటన్‌లో చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ముసలివాళ్లకు ప్రభుత్వం ఏటా డబ్బు ఇస్తుంది. 1997లో మొదలైన ఆ సాయం అక్కడి పింఛనుదారులకు పేద, గొప్ప తేడా లేకుండా అందేది. 2024లో దాన్ని పేదలకు ఇచ్చే ఒక ప్రత్యేక భత్యం తీసుకునేవాళ్లకే పరిమితం చేశారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ భత్యానికి అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టని ముసలివాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం చాలావరకు వెనక్కి తగ్గింది. చలి దేశమైనా ఎండ దేశమైనా, 'నేను పేదవాణ్ణి' అని రాసి సంతకం పెట్టమంటే మనిషికి చేయి వణుకుతుంది.

పక్కనే ఉన్న కర్ణాటకలో 2023లో గృహజ్యోతి పెట్టి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లన్నిటికీ ఉచితం అన్నారు. కులం అడగలేదు. బళ్లారి వైపు ఉన్న మన చుట్టాలకు "నీకేమప్పా" అనే మాట తప్పింది. అయితే అక్కడ మొదట్లో ఇంకో మెలిక పెట్టారు. అంతకుముందు ఏడాది సగటున ఎంత వాడావో, దానికి 10 శాతం కలిపి అంతవరకే ఉచితం. నిరుడు 30 యూనిట్లు వాడినవాడికి 33. నిరుడు 150 వాడినవాడికి 165. నిన్న పేదగా ఉన్నావు కాబట్టి రేపు కూడా పేదగానే ఉండు అన్నట్టు. తర్వాత తక్కువ వాడకం ఉన్నవాళ్లకు కొంత సడలించారు. పథకం మంచిదా చెడ్డదా అనేది పేరును బట్టి తేలదు, ఇలాంటి లోపలి మెలికల దగ్గరే తేలుతుంది. మన యువకులు పథకం పేరు, ముఖ్యమంత్రి ఫొటో చూసి వాదించుకుంటారు. జీవో తెప్పించుకుని చదివేవాళ్లు తక్కువ.

మెలిక మన దగ్గరా ఉంది. 200 అనేది ఒక గీత. గీత ఉన్నచోట దాని చుట్టూ మనుషుల బతుకు వంకర్లు తిరుగుతుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతిలో ఆ నెల 200 దాటితే సున్నా బిల్లు రాదు, మొత్తం బిల్లు కట్టాలి. 200 యూనిట్లకు ఏమీ లేదు, 201కి మొత్తం. ఒక్క యూనిట్ ధర ఒక్కసారిగా వందల రూపాయలు.

ఇప్పుడు తాడిపత్రి మే నెల చూడండి. 42, 43 డిగ్రీలు. కింద నాపరాయి బండలు, పైన రేకులు. ఉమ్మడి కుటుంబం, ఎనిమిది మంది. మూడు ఫ్యాన్లు రోజుకు ఇరవై గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లు. ముసలివాళ్ల కోసం ఒక కూలర్ పన్నెండు గంటలు తిరిగితే 65 యూనిట్లు. గీత అక్కడికే సరిపోయింది. ఇంకా టీవీ వెయ్యలేదు, బల్బు వెయ్యలేదు. అదే అన్నదమ్ములిద్దరూ వేరుపడి రెండు మీటర్లు పెట్టుకుంటే ఒక్కొక్కరికి 200. కలిసి ఉన్నవాళ్లకు శిక్ష, విడిపోయినవాళ్లకు బహుమానం. పొయ్యి ఒకటిగా ఉండటం గొప్ప అనుకునే మన ఇళ్లల్లో ఈ లెక్క ఏం చేస్తుందో ఆలోచించండి. కోడళ్లు పోట్లాడుకుని కాదు, మీటరు కోసం వేరుపడిన ఇళ్లు ఉన్నాయి.

గీతలు ఇంకా ఉన్నాయి. 2019 తర్వాత బియ్యం కార్డుకు, పింఛనుకు పెట్టిన షరతుల్లో నెలకు సగటున 300 యూనిట్లకు మించి వాడకూడదన్నది ఒకటి. అంటే మీటరు మనం ఎంత కాల్చామో చెప్పే యంత్రంగా మాత్రమే మిగల్లేదు, మన మీద సాక్షి అయింది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం ముసలామె కూలర్ ఆపేసి వేపచెట్టు కింద కూర్చునేది. కొడుకు వేస్తాడు, ఆమె లేచి ఆపుతుంది. "పింఛను పోతే ఎవరిస్తారు నాయనా" అంటుంది. వడగాలి తగిలితే ప్రాణం పోతుందని కొడుకు భయం, నంబరు పెరిగితే పింఛను పోతుందని ఆమె భయం. ఆ గీత గీసినవాళ్లకు ఈ వేపచెట్టు కనపడదు. దుర్వినియోగం ఆపడానికి షరతులు ఉండాలి, కాదనను. కానీ ఎంత కరెంటు కాలిందన్నది సంపదకు గుర్తు కాదు, చాలాసార్లు ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎంత జబ్బుగా ఉన్నారు అన్నదానికి గుర్తు.

ఇక్కడ మన యువకులు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. రెండో మీటరు పెట్టించుకోవడం మోసమా సార్? నా జవాబు ఇది. నిజంగా రెండు పొయ్యిలు ఉంటే, రెండు కుటుంబాలు ఉంటే, రెండు మీటర్లు మోసం కాదు. ఒకే పొయ్యి మీద వండుకుంటూ కాగితం మీద మాత్రం రెండు చేస్తే అది అబద్ధమే. ఆ అబద్ధాన్ని పుట్టించింది రూలు అయినా, చెప్పేది మన నోరే. దానికన్నా ఆ ముసలామె సంగతి రాసి, తండా అంతా సంతకాలు పెట్టి, విద్యుత్ నియంత్రణ మండలి ఏటా జరిపే బహిరంగ విచారణలో చెప్పడం మేలు. ఆ విచారణలో ఎవరైనా మాట్లాడవచ్చు. పరిశ్రమల వాళ్లు వెళ్తారు, రైతు సంఘాలు వెళ్తాయి. మన తండాల నుంచి వెళ్లిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

తీగకు కొక్కెం వేసుకోవడం గురించి కూడా అడుగుతారు. దాని మీద నాకు సందేహం లేదు, అది తప్పు. ప్రభుత్వానికి నష్టమని కాదు. ఆ కొక్కెం గాలికి జారితే మొదట తగిలేది మన పిల్లకు, మన మేకకు. లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చీకట్లో కూర్చునేది మన తండాయే. పోగు తీసుకున్నవాడు పక్కవాడి పోగులో చెయ్యి పెట్టకూడదు. అలాగే బకాయి ఉందని చెప్పి ఒకరోజు పొద్దున వచ్చి తీగ కోసేస్తే ఊరుకోనక్కరలేదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ చట్టంలోనే 65వ సెక్షన్ ఉంది. ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ప్రకటిస్తే ఆ డబ్బును విద్యుత్ సంస్థకు ముందుగానే కట్టాలి. ఆ డబ్బు ఆలస్యమైతే సంస్థ అప్పు తెస్తుంది, వడ్డీ పెరుగుతుంది, ఆ భారం ఏదో ఒక రూపంలో తిరిగి బిల్లుల మీదికే వస్తుంది. 'ఫ్రీ ఇచ్చాం' అని బ్యానరు కట్టిన ప్రతిసారీ 'డబ్బు కట్టారా' అని అడగడం మన పని.

గ్యాసు సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. 1999లో దీపం పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలో పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు 1న దీపం-2 మొదలై ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. కానీ మొదట్లో పద్ధతి ఎలా పెట్టారంటే, ముందు మనం డబ్బు కట్టి సిలిండర్ తీసుకోవాలి, 48 గంటల్లో అది ఖాతాలో పడుతుంది. ఎనిమిది వందలకు పైగా చేతిలో ఉన్నవాడికి అది ఉచితమే. లేనివాడికి? ఆ రెండు రోజుల కోసం అప్పు చేయాలి. అప్పు పుట్టకపోతే మళ్లీ జాలి కంప, కంది కట్టె, పొగ, ఆడవాళ్ల కళ్లు. పేదవాడికి డబ్బు ఎంత ముఖ్యమో, అది ఏ రోజు చేతిలో ఉంటుందన్నదీ అంతే ముఖ్యం. ఈ సంగతి మన అమ్మలకు తెలిసినంత బాగా పథకం రాసినవాళ్లకు తెలియదనిపిస్తుంది.

ఇప్పుడు నాలాంటివాళ్ల సంగతి. రూలు ఏ ఏడాది ఎవరిని చేర్చింది, ఎవరిని తీసేసింది అన్నది పక్కన పెడదాం. రూలు ఒప్పుకున్నా, నెల జీతం వచ్చే ఎస్టీ ఉద్యోగి సున్నా బిల్లు తీసుకోవాలా? మా మిత్రుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. "తరతరాలుగా లేనిదే మనకు వచ్చింది, ఎందుకు వదులుకోవాలి? అగ్రకులం ఉద్యోగి తన బోరుకు ఉచిత కరెంటు వదులుకున్నాడా?" అంటాడు ఒకాయన. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కులం జీతంతో పోదు. నాకు జీతం వచ్చినా అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు నా పేరు చివర నాయక్ విని ఇల్లు లేదన్నవాళ్లు ఉన్నారు. రిజర్వేషన్ ఉద్దేశం ఆ అవమానానికి సంబంధించింది, దాన్ని నేను ఎక్కడా వదులుకోను, ఎవరూ వదులుకోకూడదు. కానీ కరెంటు రాయితీ అవమానానికి మందు కాదు. అది లేమికి మందు. నాకు ఆ లేమి ఇప్పుడు లేదు. అందుకే నేను దానికి దరఖాస్తు పెట్టలేదు, బిల్లు కడుతున్నాను. తీసుకునే తోటి ఉద్యోగిని నేను వేలెత్తి చూపను. వాడి ఇంట్లో ఎంతమంది వాడి జీతం మీద బతుకుతున్నారో నాకేం తెలుసు? మన ఇళ్లల్లో ఒక్క ఉద్యోగం వెనుక పది కడుపులు ఉంటాయి.

తాడిపత్రి మండలంలోనే తలారిచెరువు దగ్గర జెన్‌కో వాళ్ల 400 మెగావాట్ల సోలార్ కేంద్రం ఉంది. మనల్ని ఇన్నేళ్లు మాడ్చిన ఎండ ఇప్పుడు సరుకైంది. ఇళ్ల పైకప్పుల మీద సోలార్ పలకల కోసం కేంద్రం 2024లో పీఎం సూర్యఘర్ పెట్టింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల పలకలు ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. నాకు ఇది నచ్చింది. నెలనెలా రాయితీకి ఎదురుచూడటం కన్నా ఇంటి మీదే కరెంటు పుట్టడం గౌరవంగా ఉంటుంది. కానీ పలక పెట్టాలంటే గట్టి కప్పు ఉండాలి. బోద ఇంటి మీద, తుప్పు పట్టిన రేకు మీద ఎలా పెడతారు? అన్నిటికన్నా ముందు, కప్పు మనదై ఉండాలి.

అసలు దెబ్బ ఇక్కడ ఉంది. ఈ సాయాలన్నీ మీటరు నంబరు వెంట పోతాయి. మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. వానల్లేక చేలు వదిలి తండాల నుంచి తాడిపత్రికి వచ్చి బండల పాలిష్ యూనిట్లలో పనిచేసే మనవాళ్లు ఒంటి గది అద్దెల్లో ఉంటారు. యజమాని గదికొక చిన్న మీటరు బిగించి, తనకు తోచిన రేటు వేస్తాడు. తండాలో వాళ్ల ఇంటికి తాళం ఉంది, అక్కడ సున్నా బిల్లు వస్తూనే ఉంది, కాలేది ఏమీ లేదు. మనిషి ఉన్నచోట మాత్రం రాయితీ లేదు. మన సంఘాలు తండాల గురించి అడుగుతాయి, వలస గదుల గురించి అడగవు. అద్దె చీటీ ఉన్నవాడి పేరు మీదికి రాయితీ మార్చుకునే వీలు కోసం మనం ఎందుకు పోరాడటం లేదు?

నేను ఐదో తరగతికి గుణకారం చెప్పేటప్పుడు పిల్లలను కరెంటు బిల్లులు తెమ్మంటాను. యూనిట్లు, శ్లాబులు, బోర్డు మీద వేస్తాం. సున్నా బిల్లు తెచ్చిన పిల్లలకు కూడా, రాయితీ లేకపోతే ఎంత వచ్చేదో లెక్క కట్టిస్తాను. ఆ డబ్బు ఎవరు కట్టారో చెప్తాను. తోటి ఉపాధ్యాయులు ఇది చేసి చూడండి, ఒక పీరియడ్ సరిపోతుంది. ఈ ఏడాది పాలిష్ యూనిట్ పక్క గదుల్లో ఉండే ఒక సుగాలీ అమ్మాయి బిల్లు తేలేదు, వాళ్లకు బిల్లు రాదు. సిగరెట్ పెట్టె అట్ట మీద యజమాని పెన్నుతో రాసిన చీటీ తెచ్చింది. 48 యూనిట్లు, యూనిట్‌కు 10 రూపాయలు, 480. దాన్ని కూడా బోర్డు మీద వేశాం. అవే 48 యూనిట్లు శ్లాబు ప్రకారం అయితే, మొదటి ముప్పైకి 57, మిగతా పద్దెనిమిదికి 54, మొత్తం 111. తండాలో వాళ్ల ఇంట్లోనే కాలి ఉంటే సున్నా. ఆ అమ్మాయి మూడు అంకెలనూ నోట్సులో ఒకదాని కింద ఒకటి రాసుకుని, వాటి మధ్య ఏ గుర్తు పెట్టాలి సార్ అని అడిగింది.